గంగసాని కట్టించిన తాయెత్తులు

సింగరికోట రాజు కుమారభూపతికి కోపం వస్తే కొలువులో ఈగ కూడా వాలదు. ఆ రోజు ఆయనకు వచ్చింది కోపం కాదు, దిగులు. దిగులు పడ్డ రాజుతో ఇంకా కష్టం.

"నా కూతురికి పన్నెండు రోజులుగా ఏమైందో రేపు పొద్దుగూకేలోగా ఎవరైనా చెప్పాలి. చెప్పినవాళ్లు అడిగింది ఇస్తాను. ఎవరూ చెప్పలేకపోతే రాజగురువు సలహా ప్రకారం ఎల్లుండి పాపను కొండకోటకు పంపి, తలుపులు వేసి ఉంచుతారు" అన్నాడు.

రాకుమారి మాణిక్యానికి ఎనిమిదేళ్లు. పుట్టినప్పటి నుంచీ మాటల్లేవు. పేరు పెట్టి పిలిస్తే పలకదు గానీ, రోట్లో పసుపు దంచే చప్పుడు వింటే ఎక్కడున్నా నవ్వుకుంటూ వచ్చేస్తుంది. ఎవరి జోలికీ పోని పిల్ల. అలాంటిది ఉన్నట్టుండి పళ్లేలు విసరడం, దాదిని కొరకడం, గోడకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది.

కొలువులో పండితులకేం కొదవ? ఒకాయన శని అన్నాడు. ఒకాయన పోయిన జన్మ అన్నాడు. ఇంకొకాయన రాణిగారి గారాబం అన్నాడు, అదీ రాణిగారు లేనప్పుడు చూసి. పిల్లకు ఎక్కడైనా నొప్పిగా ఉందేమోనని ఒక్కరికీ తోచలేదు. అంత చిన్న సంగతి ఆలోచిస్తే పండితులెలా అవుతారు పాపం.

రాజగురువు శరభయ్య అందరినీ చేత్తో ఆపారు.

"అది బ్రహ్మరాక్షసి. నా తాయెత్తులకు తట్టుకోలేక గింజుకుంటోంది. గింజుకున్నప్పుడల్లా ఇంకొకటి కడుతున్నాను. ఇప్పటికి ఏడయ్యాయి."

రాజు పక్కన తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడ్డ గంగసాని ఇదంతా విన్నది. ఇరవై ఏళ్లుగా అందరి మాటలూ వింటూ ఆకులకు సున్నం రాసిన మనిషి. ఆమెకు తెలియనిదేముంటుంది? ఆ సాయంత్రం వెళ్లి పాపను పెంచే దాది పక్కన చతికిలబడింది.

"వదినా, ఇది ఏ రోజు మొదలైంది?"

"పున్నమి నాడు."

"ఆ రోజు కొత్తగా ఏం జరిగింది?"

"ఏముందమ్మా, పాపకు మాటలు రావాలని రాజుగారు అడిగితే గురువుగారు మొదటి తాయెత్తు కట్టారు. నడుముకు."

"ఎప్పుడు ఎక్కువ గోల చేస్తుంది?"

"పావడా బిగించినా, చంకనెత్తుకున్నా ఇక అంతే. నీళ్లలో కూర్చోబెడితే కాస్త నయం."

"తాయెత్తుల కింద ఒళ్లు చూశావా?"

దాది చెంపలేసుకుంది. "నలభై రోజులదాకా పైన కట్టిన గుడ్డ విప్పకూడదట. చూసినవాళ్ల కళ్లు పోతాయట."

గంగసానికి సంగతి అర్థమైపోయింది. కానీ ఆకులు చుట్టే ఆడమనిషి గురువుగారి తాయెత్తుకు వంక పెడితే రాజు వింటాడా? ఆ మాట గురువుగారి నోటి నుంచే రావాలి.

మర్నాడు కొలువు తీరగానే ఆమె చేతులు జోడించింది.

"ప్రభూ, చిన్న మనవి. గురువుగారు కూడా అలాంటివే ఏడు తాయెత్తులు, అలాంటి తాడుతోనే, నడుముకు కట్టుకుని కూర్చుంటే పాప పీడ ఈ పూటతో వదులుతుంది. అంత శక్తిని ఏ మనిషైనా తట్టుకోగలడా అనే నా భయం."

శరభయ్య గడ్డం నిమురుకున్నారు. "నేను తట్టుకోలేనా? తెప్పించు."

"పాపలాగే మాట్లాడకూడదు, విప్పకూడదు స్వామీ."

"ఏడు రోజులైనా కూర్చుంటాను."

కట్టారు. గుర్రపు వెంట్రుకలతో పేనిన తాడు, ఏడు రాగి గొట్టాలు, పైన బిగించి పట్టుగుడ్డ. మొదటి గడియ గురువుగారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. రెండో గడియకు కాస్త పక్కకు జరిగారు. మూడో గడియకు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టారు. ఊగిన కొద్దీ తాడు ఒరుసుకుంటోంది. మంత్రి ఆసరాగా చెయ్యి వేస్తే ఆ చేతిని ఫెడీమని కొట్టారు. గంగసాని తాంబూలం అందిస్తే ఆ పళ్లెం ఎగిరి సేనాపతి ఒళ్లో పడింది.

ఆమె భయపడినట్టు వెనక్కి జరిగి ఆస్థాన వైద్యుణ్ణి అడిగింది.

"వైద్యులవారూ, పళ్లెం విసిరితే ఏమిటని చెప్పారు గురువుగారు?"

"బ్రహ్మరాక్షసి అన్నారు."

"మనిషిని కొడితే?"

"అదీ బ్రహ్మరాక్షసే."

"మరి మందు?"

వైద్యుడు గొంతు సవరించుకున్నాడు. "ఇంకో తాయెత్తు."

"అయితే ఎనిమిదోది తెండి. బాగా బిగించండి. అప్పటికీ తగ్గకపోతే కొండకోట ఉండనే ఉంది."

ఎనిమిదో తాయెత్తు చూడగానే గురువుగారు పీఠం మీంచి ఒక్క గంతు వేశారు.

"బ్రహ్మరాక్షసీ లేదు, నీ తలకాయా లేదు. నడుం కోసుకుపోతోంది. గొట్టాల అంచులు దిగబడుతున్నాయి. నొప్పితో చస్తుంటే ఇంకొకటి కడతారా? ముందు ఇవి విప్పండి."

గంగసాని రాజు వైపు తిరిగింది.

"ప్రభూ, ఇన్ని రోజులుగా పాప చెబుతున్నదీ ఇదే. గురువుగారికి నోరుంది కాబట్టి మూడు గడియల్లో మనకు వినబడింది."

రాజు ఉన్నపళాన అంతఃపురానికి పరుగెత్తాడు. కళ్లు పోతాయని దాది అడ్డుపడితే "పోతే పోనీ" అంటూ తన చేత్తోనే తాళ్లు కోశాడు. పాప నడుం చుట్టూ పుండు. మాటలు కావాలని ఆశపడింది తనే కదా. కూతురి ముందు కూలబడి ఏడ్చాడు. దాది వెన్న రాసింది. కాసేపటికి పాప తండ్రి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పున్నమి తర్వాత ఆ పిల్ల హాయిగా పడుకోవడం అదే మొదలు.

ఆయన పాపను దించకుండా అలాగే కొలువుకు తిరిగొచ్చాడు.

"గంగసానీ, ఏం కావాలో అడుగు" అన్నాడు నెమ్మదిగా.

"పాపకు మెత్తటి నూలు పావడాలు నాలుగు కుట్టించండి ప్రభూ. ఇక నా సంగతంటారా, ఇరవై ఏళ్లుగా ఏలినవారి పక్కనే నిలబడ్డాను, ఈ మెడ బోసిగా ఉన్న సంగతి తమరెప్పుడూ గమనించినట్టు లేదు."

రాజు పెదవులు బిగబట్టి నవ్వాపుకుంటూ ముత్యాలహారం తీసి ఆమె మెడలో వేయించాడు. అంతలో స్తంభం చాటున శరభయ్య రెండు చేతులా నడుం గోక్కోవడం ఎవరికో కనబడింది. పాప లేస్తుందని కొలువంతా ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.