బండ కింది గోలెం

అనగనగా ఒక రాతికొండ అడవి. చలికాలం దివిటీల కోసం అక్కడి జంతువులు ఇప్పనూనె ఆడించి, బండ కింద పాతిన పెద్ద మట్టి గోలెంలో దాచుకునేవి. దానికి కాపలా ఎలుగుబంటి నల్లన్న. "నల్లన్న ఉంటే చుక్క నూనె పోదు" అని అడవంతా చెప్పుకునేది. ఆ మాట వింటే నల్లన్నకు తేనె తాగినట్టుండేది.

వారానికోసారి నల్లన్న గోలెంలో పుల్ల ముంచి చూసేది. ఒక వారం నూనె జానెడు తగ్గింది. నల్లన్న మళ్లీ పుల్ల ముంచి చూసింది. "చెబితే నా పరువేం కాను?" అనుకుని మూత పెట్టేసింది. మరుసటి వారం మరో జానెడు. మూడో వారం ఇంకో జానెడు. అయినా మూత పెట్టేస్తూనే వచ్చింది. పరువు అంత తీపి పిల్లలూ!

ఇంతలో కొండ అవతలి నుంచి ముళ్లపంది ఏడుస్తూ వచ్చింది.

"అన్నా, మా ఊట నీళ్లు నూనె కంపు కొడుతున్నాయి. పిల్లలిద్దరూ తాగి వాంతులు చేసుకుంటున్నారు. ఈ ఎండల్లో మాకు వేరే నీళ్లెక్కడివి?"

"నా గోలెం ఇవతల, నీ ఊట అవతల. నూనె కొండ దాటి వస్తుందా చెల్లెమ్మా? నిక్షేపంగా తాగొచ్చు" అంది నల్లన్న.

ముళ్లపంది దొప్పలో తెచ్చిన నీళ్లు దాని ముందు పెట్టింది. "అయితే నువ్వో గుక్క తాగన్నా."

నల్లన్న దొప్పను మూతి దాకా తెచ్చింది. తాగలేకపోయింది. సిగ్గుతో దాని తల వాలిపోయింది. అందరినీ పిలిచి, "మూడు వారాలుగా నూనె తగ్గుతోంది. నేనే దాచాను" అని చెప్పేసింది.

"కారిన నూనె కోసం పల్లంలో తవ్వండి! ఏదైనా పల్లానికేగా పారేది!" అని కోతులు గోల చేశాయి.

బండల్లోనే పుట్టి పెరిగిన ఉడుము తాత తల అడ్డంగా ఊపింది. "మట్టిలో సంగతి అది. రాతిలో పగులు ఎటుంటే నూనె అటే పోతుంది. ముందు గోలెం ఖాళీ చేయండి. కారుతుండగా కడిగితే ఏం లాభం?"

గోలెం తీసి చూస్తే అడుగున నెర్ర, దాని కింద రాతిలో మూడు పగుళ్లు. మోదుగపూలు ఉడికించిన రంగునీళ్లు మొదటి పగులులో పోశారు. ఊటకు రంగు రాలేదు. రెండోదానిలో పోశారు. రాలేదు. మూడోదానిలో పోసిన మర్నాడు ఊట నారింజరంగుకు తిరిగింది.

ఆ పగులు వెంబడే గుంట తవ్వారు. ఊరిన నీళ్ల మీద బూరుగు దూది పరిచారు. దూది నూనె పీల్చింది. తీసి పారేసి మళ్లీ పరిచారు. ఒకటి కాదు, రెండు కాదు, మూడు వానాకాలాలు పట్టింది. అన్నాళ్లూ ముళ్లపంది ఇంటికి మంచినీళ్లు మోసింది నల్లన్నే.

చివరికి ఊటలో కంపు పోయింది. ముళ్లపంది పిల్లలు పరుగున వచ్చారు.

"ఆగండమ్మా" అని నల్లన్న ముందుగా తనే కడుపునిండా తాగింది. సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. ఏమీ కాలేదు. "ఇప్పుడు తాగండి" అంది. వాళ్లు తాగుతుంటే దాని కళ్లు చెమర్చాయి.

కొత్త గోలెం కాపలా ఎవరికి అన్నప్పుడు ముళ్లపందే ముందు లేచింది. "నల్లన్నకే ఇవ్వండి. ఇప్పుడు చుక్క పోయినా మనకు చెబుతుంది."

నీతి: తప్పు జరిగిన రోజే చెబితే దిద్దుకోవచ్చు, దాచిన తప్పు ఎవరి నీళ్లలో తేలుతుందో ఎవరికీ తెలియదు.