చుక్క కారని ట్యాంకు

అనకాపల్లి రోడ్డు పక్కన ముగ్గురన్నదమ్ములకి ఒక మెకానిక్ షెడ్డుండేది. పెద్దోడు అప్పలసూరి, నడిపోడు సన్నిబాబు, చిన్నోడు ఎర్నిబాబు. జిల్లాలో తెలివంతా తామే పట్టుకుపోయామనీ, పాపం మిగతావాళ్ళకి ఏమీ మిగల్లేదనీ ముగ్గురికీ ఒకటే జాలి. షెడ్డు మీద బోర్డు కూడా కట్టారు: "చెప్పింది చెప్పినట్టు చేయబడును."

ఆ బోర్డు చూసే నళిని అక్కడ ఆగింది. ఆ పిల్లకి బైకు రేసులంటే ప్రాణం. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే, విశాఖలో ఆదివారం జరిగే రేసులో చోటు దొరికింది. సరిగ్గా అప్పుడే బండి పెట్రోలు ట్యాంకు కారడం మొదలెట్టింది. అది మామూలు రేకు ట్యాంకు కాదు, కార్బన్ ఫైబర్‌ది. నల్లటి గుడ్డని పొరలు పొరలుగా జిగురుతో అతికి, రాయిలా బిగించిన ట్యాంకది. చూసిన ప్రతి మెకానిక్కూ సొంత తెలివి చూపించి ఇంకాస్త పాడుచేశాడు.

"అన్నా, నేను చెప్పిందే చెయ్యండి, చాలు. ముందు పెట్రోలంతా ఖాళీ చెయ్యండి. తర్వాత ట్యాంకు విప్పి నీళ్ళు పోసి, చుక్క పడే చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఆ గుర్తు మీద గరుకు కాయితంతో రుద్ది, ఈ గుడ్డ పరిచి, ఈ జిగురు పూసెయ్యండి" అని సామానంతా చేతికిచ్చి వెళ్ళింది.

ముందు పెట్రోలు ఖాళీ చెయ్యాలి. బండి నడిపితేనే కదా పెట్రోలు అయ్యేది! అంతే, ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. చోడవరం దాటాక బండి ఆగిపోయింది. ముగ్గురూ చంకలు గుద్దుకుని, చెమటలు కక్కుకుంటూ వెనక్కి తోసుకొచ్చారు.

"అన్నయ్యా, కూసింత పెట్రోలు పోయించుకుంటే హాయిగా నడుపుకుని ఎల్లిపోదుము కదేటి?" అన్నాడు ఎర్నిబాబు దారిలో.

"ఎర్రి ఎదవా! అప్పుడు మల్లీ ఖాళీ చెయ్యాల కదేటి!" అని అప్పలసూరి వాడి నెత్తిన ఒకటిచ్చాడు. తమ్ముడు సిగ్గుపడ్డాడు.

మర్నాడు ట్యాంకు విప్పి నీళ్ళు పోశారు. టప్పున చుక్క నేల మీద పడింది. సన్నిబాబు పడ్డ చోట సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు. ట్యాంకు కాస్త జరిపితే ఇంకోచోట పడింది. అక్కడా గీశాడు. సాయంత్రానికి షెడ్డు నేలంతా సున్నాలే.

"అమ్మో, ఇన్ని చోట్లా కారుతోంది! పాపం మేడంకి తెలిసినట్టు నేదు" అని ముగ్గురికీ నిజంగానే బాధేసింది. ఇంకేముంది, నేలంతా రుద్ది, గుడ్డ చింపి ముక్క ముక్కా పరిచి, జిగురు పూశారు. సన్నిబాబు చెప్పులు రెండూ అందులో అతుక్కుపోతే అక్కడే వదిలేశాడు. ట్యాంకేమో కారుతూనే ఉంది.

శనివారం పొద్దున్నే నళినికి ఫోను చేసి, నేలంతా అతికినా ట్యాంకు కారుతూనే ఉందని చెప్పారు. ఆ పిల్ల తల పట్టుకుంది. "నేలకెందుకు పూశారన్నా? పుయ్యాల్సింది ట్యాంకుకి! రేపే నా రేసు. నీళ్ళు బయటికొచ్చే దారి ఒక్కటి కూడా వదలకుండా మూసెయ్యండి, మీకు పుణ్యముంటుంది!"

అంతే, ట్యాంకు వంచి చూశారు. చిల్లులోంచి నీళ్ళొచ్చాయి, మిగిలిన గుడ్డా జిగురూ పెట్టి మూసేశారు. పెట్రోలు పోసే మూతిలోంచి ఇంకా ఎక్కువొచ్చాయి, దాన్నీ మూసేశారు. ఇంజనుకి పెట్రోలెళ్ళే కన్నం మాత్రం ఊరుకుంటుందా? దాన్నీ మూసేశారు. ఇక బోర్లించినా, కుదిపినా చుక్క రాలేదు. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు.

ఆదివారం తెల్లారి వచ్చిన నళినికి, బల్ల మీద బోర్లించిన ట్యాంకు చూసి ఏడుపొక్కటే తక్కువ. "రెండేళ్ళ కష్టం అన్నా! నేను ముందెళ్ళి పేరు రాయించుకోకపోతే తీసేస్తారు. రెండు కన్నాలు పెట్టండి. పోయడానికి పెద్దది పైన, ఇంజనుకి చిన్నది కింద. తొమ్మిదింటికల్లా బండి తెచ్చెయ్యండి!" అని పరుగెత్తింది.

బల్ల మీద ట్యాంకు ఎలా ఉందో అలాగే, పైకున్న వైపు పెద్ద కన్నం, కిందున్న వైపు చిన్న కన్నం పెట్టారు. బండికి బిగించాక చూస్తే పెద్దది కడుపు కిందికొచ్చింది. పెట్రోలు పోయడమెలా?

"బండి తిరగేస్తే సరి!" అన్నాడు సన్నిబాబు. చక్రాలు ఆకాశానికెత్తి, చిన్న కన్నానికి బిరడా కొట్టి, పెట్రోలు నింపారు. చుక్క కారితే ఒట్టు!

రేసు మైదానంలో ఇరవై బళ్ళు గుర్రుమంటున్నాయి. నళిని హెల్మెట్ పెట్టుకుని, గేటు వైపే చూస్తూ నిలబడింది. జెండా లేచే వేళకి ముగ్గురన్నదమ్ములూ వచ్చారు. బండి వాళ్ళ నెత్తి మీద బోర్లా ఉంది.

"ఇదేంటన్నా!" అంది నళిని ఏడుపు గొంతుతో.

"బెంగెట్టుకోకండి మేడం, చుక్క కారనివ్వలేదు!"

జెండా పడింది. ఇరవై బళ్ళూ దూసుకుపోయాయి. అది చూసి ముగ్గురూ బండి నెత్తినెట్టుకునే వాటి వెనకాల పరుగందుకున్నారు.

"మేడం, అలా నిలబడిపోయారేటి?" అని అరిచాడు అప్పలసూరి. "బేగి ఎక్కండి, అందరూ ఎల్లిపోతన్నారు!"