నలభై ఒకటోసారి

పరాంకుశం గారిని ఏదైనా ప్రశ్న అడిగితే సమాధానం రాదు, కుర్చీ వస్తుంది. విశాఖపట్నంలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయన పాతికేళ్లుగా టెస్టింగ్ పనిలో ఉన్నారు. మే నెలలో కూడా ఏసీ పడదని మెడకు మఫ్లర్ చుట్టుకుంటారు. ఎవరేం అడిగినా తన చక్రాల కుర్చీని దొర్లించుకుంటూ వచ్చి, అడిగినవాళ్ల పక్కన కూర్చుని, "ఏదీ, చేసి చూద్దాం" అంటారు. ఇక ఆ పూట పని అంతే. అందుకని అక్కడివాళ్లు ఆయన్ని కదిలించే ముందు ఒకసారి గడియారం చూసుకుంటారు.

ఆ శుక్రవారం వినీల గడియారం చూసుకోలేదు. ఆయన దగ్గర పనిలో చేరి రెండేళ్లయింది, ఇంతవరకూ ఆమె పనిలో ఎవరూ వంక పెట్టలేదు. ఆమె అడిగిందనడం కన్నా విసుక్కుందనడమే నిజం.

"సార్, నలభైసార్లు తీసి పెట్టి చూశాను. నలభైసార్లూ బాగానే వచ్చింది. ఇంకెన్నిసార్లు చూస్తే చాలు, తప్పు మనది కాదని చెప్పడానికి?"

సంగతి ఇది. వాళ్లు తయారుచేసే ప్లగిన్ పేరు చెవిపోగు. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌కు దాన్ని తగిలిస్తే, లైను ఎన్ని ఖాళీలు వదిలి మొదలైందో, ఏ బ్రాకెట్టు మూయకుండా మిగిలిపోయిందో చూపు లేనివాళ్లకు చదివి వినిపిస్తుంది. దాన్ని ఎక్కించడం, తీసేయడం, మళ్లీ ఎక్కించి చూడటం వినీల పని. నర్సీపట్నం నుంచి దానియేలు అనే అతను ఆ వారంలో మూడు మెయిళ్లు పంపాడు. మొదటిసారి ఎక్కిస్తే పలుకుతోందట, తీసేసి మళ్లీ ఎక్కిస్తే నోరు విప్పడం లేదట. సోమవారం హైదరాబాదులో అతనికి ఉద్యోగ పరీక్ష ఉంది. కంప్యూటర్ వాళ్లదే ఇస్తారు. ముందు కూర్చున్నవాళ్లు చెవిపోగును ఎక్కించుకుంటే, వాళ్లు లేవగానే అక్కడి సిబ్బంది తీసేస్తారు. అంటే తన వంతుకు వచ్చేది ఒకసారి తీసేసిన యంత్రమే కావచ్చు. ఆ మాట ముందే కనుక్కుని అతను ఇంట్లో సాధన చేసి చూసుకున్నాడు, అలా బయటపడింది ఈ తంటా.

వినీల రెండుసార్లు జవాబిచ్చింది. మా దగ్గర చక్కగా పనిచేస్తోంది, దయచేసి సూచనలు జాగ్రత్తగా పాటించండి అని. మూడో మెయిల్‌లో అతను ఒక్క వాక్యమే రాశాడు. "మేడం, మీరు రాసిన ఏడు స్టెప్పులూ వరసగా చేశాను, ఎనిమిదోది ఏదైనా ఉందా?" అందులో వెటకారం ఉందనిపించి ఆమెకు ఒళ్లు మండింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపించబోయినవాడు వెటకారంగానే కనిపిస్తాడు మరి. సాయంత్రం నాలుగింటికి కొత్త వెర్షన్ బయటికి వెళ్లాలి. ఈలోగా ఆ ఫిర్యాదు కింద 'లోపం లేదు' అని రాసి మూసేస్తే సరిపోతుంది. రాయడానికి చెయ్యి రాకపోబట్టే అడిగిందని ఆమె పక్షాన ఒక మాట చెప్పాలి.

కుర్చీ దొర్లుకుంటూ వచ్చింది. పరాంకుశం గారు కీబోర్డునూ మౌసునూ తన వైపు లాక్కున్నారు.

"నేను చెయ్యి, నువ్వు నోరు. నువ్వు చెప్పనిది నేను చెయ్యను" అన్నారు.

అప్పటికి ఒంటిగంట కావస్తోంది, క్యారేజీ ఇంకా విప్పనేలేదు. వినీల తను రాసిన కాగితం తీసి గడగడా చదవసాగింది. ఎక్కించమంది, ఎక్కించారు. స్పీకర్‌లోంచి "నమస్కారం, ఏ గొంతు కావాలి?" అని పలికింది. ఒక గొంతు ఎంచుకున్నారు. తీసేయమంది, తీసేశారు. ఎడిటర్ మూసి తెరవమంది, తెరిచారు. ఇక్కడ వినీల కుడిచెయ్యి దానంతటదే మౌసు వైపు వెళ్లింది. మౌసు మీద ఆయన అరచెయ్యి ఉంది. ఏమిటన్నట్టు చూశారాయన. ఏం లేదంది. నిజంగానే ఏమీ లేదనుకుంది కూడా. కాగితంలో తర్వాతి మాట 'మళ్లీ ఎక్కించాలి'. ఎక్కించారు.

స్పీకర్ పలకలేదు.

ఆమె వైరు ఊడిందేమోనని చూసింది. ఊడలేదు. ఇంకోసారి అదే వరసలో తీసి పెట్టించింది. ఉలుకూ పలుకూ లేదు. పొద్దున్న కూడా ఇదే యంత్రంలో పలికింది కదా, మీరేదో వదిలేసి ఉంటారు, ఒక్కసారి ఇటివ్వండి అంది. ఆయన మౌసు అందించారు.

వినీల ప్లగిన్ తీసేసింది. ఎడిటర్ మూసి తెరిచింది. ఒక ఫోల్డరు తెరిచి, అందులో మిగిలిన ఫైలు చెరిపేసి, మళ్లీ ఎక్కించింది. "నమస్కారం, ఏ గొంతు కావాలి?" అంది స్పీకర్.

చూశారా అనబోయి, ఆమె తన కాగితం వైపు చూసింది. ఫోల్డరు మాటే అందులో లేదు.

పొయ్యి తుడవనిదే ఎసరు పెట్టని ఇంట్లో పెరిగిన పిల్ల. ప్లగిన్ తీసేసిన ప్రతిసారీ దాని వెనక మిగిలిన చెత్తను ఊడ్చేయడం ఆమెకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. అది ఎవరూ చెప్పలేదు, తనూ ఎక్కడా రాయలేదు. ఆ చెత్తలోనే ఉంది తిరకాసంతా. ఏ గొంతు కావాలో అడగడం అయిపోయిందని ప్లగిన్ మొదటిసారే అక్కడ రాసి పెట్టుకుంటుంది. తీసేసినప్పుడు గొంతు పోతుంది, ఆ రాత పోదు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినా తలుపు మీద పేరు మిగిలిపోయినట్టు. మళ్లీ వచ్చిన ప్లగిన్ ఆ రాత చూసి, అంతా సిద్ధంగానే ఉందనుకుని నోరు మూసుకుంటుంది. ఆ రాతను నలభైసార్లు తుడిచిపెట్టి, నలభైసార్లూ బాగుందని ఆమె సంతకం చేసింది.

వినీలకు సిగ్గేసింది. తప్పు దొరికినందుకు కాదు, తప్పులు పట్టడం ఆమెకు మామూలే. సూచనలు పాటించమని తను ఎవరికి చెప్పిందో అతనే వాటిని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. పాటించనిది తను.

ఆమె అన్నానికి లేవలేదు. పరీక్షలు రాసుకునే పట్టికలో నలభై ఒకటో గడిలో 'తప్పింది' అని రాసింది, పై నలభై గడులూ కొట్టేసింది. ప్రోగ్రాం రాసే వాళ్ల దగ్గరికి వెళ్లి ఆ ఫోల్డరు చూపించి, ఇది సరిచేసేదాకా వెర్షన్ కదలదని చెప్పింది. రేపటికి సరిచేసి ఇస్తామని వాళ్లు ఒప్పుకున్నారు. తర్వాత నర్సీపట్నానికి ఫోన్ చేసింది.

"దానియేలు గారూ, ఎనిమిదో స్టెప్పు ఉందండి. నేనే రాయలేదు."

"ఉందనే అనుకున్నానండి మేడం" అన్నాడతను. ఆ గొంతులో వెటకారం అసలే లేదు. ఆమె చెప్పిన చోటు వెతికి ఆ ఫైలు చెరిపేసి, చెవిపోగును మళ్లీ ఎక్కించాడు. కీలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. ఆ వెనకే, దూరంగా, నర్సీపట్నం గదిలోంచి, "నమస్కారం, ఏ గొంతు కావాలి?"

రేపు సరిచేసిన వెర్షన్ పంపుతానని, సోమవారం అదే ఎక్కించుకోమని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

పరాంకుశం గారు అప్పటికే లేచి మఫ్లర్ సర్దుకుంటున్నారు. వినీల మళ్లీ అదే ప్రశ్న వేసింది, ఈసారి విసుగు లేకుండా. ఎన్నిసార్లు చూసి ఉండాల్సింది సార్ అని.

ఆయన కుర్చీని తన బల్ల వైపు తోసుకుంటూ, "ఒక్కసారి చాలమ్మా," అన్నారు. "నువ్వు లేకుండా."