ఈరమ్మకు బిరుదు

రాళ్ళగుట్ట అడవికి సన్మానాల పిచ్చి. కొంగ పెద్ద చేపను పట్టినా సన్మానమే, తాబేలు వాగు దాటినా సన్మానమే. వీటన్నిటికీ పెద్దరికం నక్క పేరయ్యది. మోదుగపూల దండ గుచ్చించడం, బిరుదు చదవడం, పంచగా మిగిలిన ఇప్పపూలు తన బొరియకు చేరవేయడం అన్నీ ఆయన చేతి మీదుగానే జరగాలి.

ఆ గుట్ట కింద గుహలో ఈరమ్మ అనే ఎలుగుబంటి తన ముసలి తల్లితో ఉండేది. తల్లికి చూపు పోయింది, వెనక కాళ్ళు పడిపోయాయి, మతిమరుపు పట్టుకుంది. కడుపునిండా చెదలు తిని, మూతి తడి ఆరకముందే, దారిన పోయే కుందేలును కేకేసి "నా కూతురు తిండి పెట్టదు నాయనా" అని చెప్పుకునేది. కుందేలు ఆ మాటను అడవంతా మోసేది. ఈరమ్మ మళ్ళీ పుట్ట తవ్వేది. తల్లిని పక్కకు తిప్పాలి, వీపు గోకాలి, వీపున వేసుకుని వాగుకు తీసుకెళ్ళాలి. కునుకు పట్టబోతుంటే "ఎవరే నువ్వు?" అని అడుగుతుంది, "నేనమ్మా, ఈరమ్మను" అని చెప్పాలి.

ఈరమ్మకు అన్న ఒకడున్నాడు, గంగులు. అవతలి కొండ మీద ఇప్పచెట్ల నీడన హాయిగా ఉంటాడు. పున్నమికి పున్నమికి వచ్చి గుహ ముందు కూర్చుని, అమ్మ చిక్కిపోయిందని, పుట్టతేనె పెట్టాలని, తడి నేల మీద పడుకోబెట్టకూడదని చెప్పి, చెల్లెలు ఏరి తెచ్చిన తునికిపళ్ళు తిని వెళ్ళేవాడు. మాటలు కోటలు దాటుతాయి గాని కాలు గడప దాటదు. కొన్నాళ్ళు అమ్మను తీసుకెళ్ళమని ఈరమ్మ బతిమాలితే, "అమ్మకు నీ చెయ్యే అలవాటు చెల్లీ, నా దగ్గర బెంగ పెట్టుకుంటుంది" అనేవాడు.

ఒక మధ్యాహ్నం తల్లి, ఈరమ్మ పెట్టిన పళ్ళన్నీ నేలకు నెట్టేసి, తిండి పెట్టలేదని ఏడుపు మొదలుపెట్టింది. ఈరమ్మ పంజా ఎత్తింది. తల్లికి కనబడదు కదా, కూతురు దగ్గరకు వచ్చిన అలికిడి విని, గోకుతుందేమోనని వీపు అటు తిప్పింది. తన పంజాను చూసి ఈరమ్మకే భయం వేసింది. బయటికొచ్చి రాతికి ఆనుకుని ఏడ్చింది. అమ్మ మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు, నిద్రే పోయింది. ఇలాగే సాగితే ఆ పంజా ఏదో ఒక రోజు ఆగదని ఆమెకు తెలిసిపోయింది.

వెంటనే పేరయ్య దగ్గరకు వెళ్ళి, అప్పుడప్పుడు అమ్మ దగ్గర కూర్చునేవాళ్ళను ఎవరినైనా చూసి పెట్టమని అడిగింది. పేరయ్య కళ్ళు మెరిశాయి.

"ఇంత సేవ చేస్తున్నావని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదే. పున్నమికి సన్మానం పెడదాం. మాతృసేవా శిరోమణి అని బిరుదు ఇస్తాం."

"నాకు బిరుదెందుకు మామా, రెండు పూటలు నిద్రపోనిస్తే చాలు."

"నిద్రకేముందమ్మా, ఎవరైనా పోతారు. బిరుదు ఎంతమందికి వస్తుంది?"

ఈరమ్మ లేచి వెళ్ళబోయింది. సభకు గంగులే అధ్యక్షుడని పేరయ్య అనడంతో ఆగి, కాసేపు ఆలోచించి, సరేనంది. అన్న మాత్రం నలుగురూ వినేలా మాట్లాడాలని షరతు పెట్టింది.

పున్నమి నాడు వాగు పక్క బండ మీద సభ. తల్లిని ఈరమ్మ తన వీపునే మోసుకొచ్చింది. తల్లిని చూసుకుంటున్నందుకు సన్మానం చేసేవాళ్ళలో, ఆ పూటకు తల్లిని చూసుకుంటామన్నవాడు ఒక్కడూ లేడు మరి. దుప్పి మాట్లాడింది, అడవిపంది మాట్లాడింది, గుహకో ఈరమ్మ ఉండాలన్నారు. దండ కింద ఈరమ్మ కునికిపాట్లు పడుతుంటే, ఎంత వినయమో అని మెచ్చుకున్నారు. ఆఖరున గంగులు లేచాడు. కాస్త కంటతడి పెడితే జనం మెచ్చుతారని పేరయ్య ముందే చెవిలో ఊదాడు.

"నా చెల్లెలు అదృష్టవంతురాలు. ఆ భాగ్యం నాకు దక్కలేదే అని నేను ఏడవని రోజు లేదు. ఒక్క పక్షం అమ్మ నా దగ్గరుంటే నా జన్మ ధన్యం" అని గంగులు కళ్ళు ఒత్తుకున్నాడు.

సభంతా ఒకటే చప్పట్లు. ఈరమ్మకు నిద్రమత్తు వదిలింది.

"తప్పు నాదే అన్నా. నీ వాటా పుణ్యం కూడా నేనే తినేశాను. పున్నమి నుంచి అమావాస్య దాకా అమ్మ నీ దగ్గర, ఆ తర్వాత పున్నమి దాకా నా దగ్గర. ఇవాళ పున్నమేగా."

ఆ మాటంటూనే దండ తీసి అన్న మెడలో వేసి, తల్లిని అతని వీపు మీదికి జరిపింది. ముసలమ్మ వాసన పట్టి "గంగులా, వచ్చావా నాయనా" అంది. చప్పట్లు రెట్టింపయ్యాయి. గంగులు పేరయ్య వైపు చూశాడు. జనం ఎటుంటే అటుండే పేరయ్య, బిరుదు ఇద్దరికీ చెందుతుందని ప్రకటించాడు. గంగులు మింగలేక కక్కలేక, అమ్మను మోసుకుంటూ కొండెక్కాడు.

ఈరమ్మ గుహకు వెళ్ళి ఆదమరిచి నిద్రపోయింది. లేచి, వాగులో స్నానం చేసి, తను ఏరుకున్న పళ్ళు తనే నింపాదిగా తిన్నది. అమ్మ గుర్తొచ్చింది. విసుగు లేకుండా గుర్తొచ్చి ఎన్నాళ్ళయిందోనని సంతోషపడింది.

అమావాస్యకు ఇంకా గడువుండగానే గంగులు దిగొచ్చాడు. కళ్ళు పీక్కుపోయాయి, వీపు మీద అమ్మ.

"కునుకు తియ్యనివ్వదు చెల్లీ. తిండి పెట్టనని కొండంతా చెబుతోంది. నిన్న నా పంజా..." అని ఆగిపోయాడు.

"లేచిందా అన్నా? నాదీ లేచింది. ఈ రాత్రికి అమ్మను నేను చూస్తాను, నువ్వు పడుకో. పొద్దున్నే తీసుకెళ్దువు గాని."

తెల్లారి గంగులు బయల్దేరుతుండగా పేరయ్య వచ్చాడు, ఆదర్శ సోదరుడని ఇంకో సన్మానం పెడతానంటూ. గంగులు ఆయన మెడ మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళి, అమ్మ పక్కన కూర్చోబెట్టాడు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ తేనె కోసం వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా పేరయ్య ముసలమ్మ వీపు గోకుతూనే ఉన్నాడు, "నేనమ్మా, పేరయ్యను" అని చెబుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆ అడవిలో ఆయన సన్మానం పెట్టిన పాపాన పోలేదు.

పొగిడే నోళ్ళు ఎన్నున్నా, మోసే భుజం ఒక్కటే అయితే విరిగేది ఆ భుజమే.