సేనాపతి ఇంటికి కాపలా

చినవీడు చాలా చిన్న రాజ్యం. దానికి తూర్పున మణిగిరి, పడమట భైరవకోట. రెండూ పెద్ద రాజ్యాలే, రెండూ యుద్ధానికి సిద్ధమవుతున్నాయి. ‘మీరు ఎవరి పక్షం?’ అని రెండు వైపుల నుంచీ కబురొచ్చింది.

సోమదేవరాజు కొలువు తీర్చాడు.

“ఎవరితో చేరాలో తేల్చండి. తేలేదాకా ఎవరికీ భోజనాల్లేవు” అన్నాడు.

సేనాపతి ఏకాంబర నాయకుడు వెంటనే లేచాడు. భోజనం ఆలస్యమైతే ఆయన సహించలేడు.

“మణిగిరితో చేరదాం ప్రభూ! రెండు వేలమంది సైనికుల్ని మన కోటలోనే కాపలా ఉంచుతామంటున్నారు. ఇక మనం హాయిగా ఉండొచ్చు.”

మణిగిరి రాయబారి తనను ‘వీరశిఖామణి’ అని పొగిడిన సంగతి మాత్రం ఆయన చెప్పలేదు.

సభంతా తలలూపింది. అందరికీ ఆకలిగా ఉంది మరి.

ఆస్థాన సలహాదారు తిప్పన లేచి చేతులు కట్టుకున్నాడు.

“మంచి ఆలోచనే ప్రభూ. ముందు ఒక ఇంట్లో చూసి, తర్వాత కోటలో చూద్దాం. నాయకులవారి ఇంటికి తాలింఖానా నుంచి పదిమంది వస్తాదుల్ని కాపలా పెట్టించండి.”

తన ఇంటికి రాజుగారి కాపలా! ఏకాంబర నాయకుడు మీసం దువ్వుకుని ఒప్పుకున్నాడు. రాజు వారం గడువిచ్చి, అందర్నీ భోజనాలకు పంపాడు.

వస్తాదులు మొదట గుమ్మం ముందు నిలబడ్డారు. వీధిలో వాళ్లు చూస్తుంటే నాయకుడికి గర్వంగానే ఉంది. తర్వాత ఎండగా ఉందని వసారాలోకి వచ్చారు. దొంగలు పెరటివైపు నుంచి కూడా రావచ్చని వంటింట్లో చేరారు. ఆయనకు ప్రాణమైన మాగాయ జాడీ ఖాళీ అయింది.

“మా ఒంట్లో సత్తువ ఉంటేనే కదండీ మీకు క్షేమం” అన్నాడు పెద్ద వస్తాదు, నాయకుడి పట్టెమంచం మీద పడుకుని.

పక్కింటాయన అదోలా చూశాడని వస్తాదులు ఆయన పెరట్లోకి రాళ్లు విసిరారు. తిట్లు మాత్రం నాయకుడే తిన్నాడు. ఆయన భార్య మంగసాని మూటాముల్లె సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

చివరికి ఒక ఉదయం నాయకుడు ఏటిలో స్నానం చేసి వస్తే, గుమ్మం దగ్గర కర్ర అడ్డం పెట్టారు.

“ఎవరు నువ్వు?”

“ఈ ఇంటి యజమానినిరా!”

“దొంగలు కూడా అలాగే అంటారు.”

నాయకుడు తడిపంచెతోనే కొలువుకు పరుగెత్తాడు.

“ప్రభూ! వాళ్లని వెంటనే పంపించేయండి!”

“మరి దొంగలొస్తే?” అన్నాడు తిప్పన తాపీగా.

“వస్తే నేనే కేకేస్తాను! అప్పుడు రమ్మనండి, పని కాగానే పొమ్మనండి! అంతదాకా నా గడప తొక్కకూడదు. నా ఇరుగుపొరుగుతో నా తరఫున తగాదా పెట్టుకోకూడదు!”

తిప్పన రాయసగాడి వైపు తిరిగాడు.

“పూర్తిగా రాసుకున్నావా? మన ఒప్పందం ఇదే. ఒకటి మణిగిరికి పంపు, ఒకటి భైరవకోటకి.”

సభ ఘొల్లుమంది. రాజు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తన ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు.

నాయకుడు ఒక్కడే నవ్వలేదు.

“అదంతా సరే, నా మంచం మీదివాణ్ణి ఎప్పుడు లేపుతారు?” అన్నాడు.