నీడ కొలత

వర్షావాసం మొదలవడానికి ఒక్క రోజు ఉందనగా మూలసిరికి ఒక చాప ఎక్కడ వెయ్యాలో తెలియలేదు.

గవ్వలకొండ మీది భిక్షుణుల ఆరామంలో చాపలు వేసే పని ఆమెది. చూడ్డానికి చిన్న పనే. కానీ అక్కడ ఎవరి తర్వాత ఎవరు కూర్చోవాలన్నది వయసును బట్టి ఉండదు, పుట్టిన ఇంటిని బట్టీ ఉండదు. దీక్ష తీసుకున్నాక ఎన్ని వానాకాలాలు గడిపారన్నదే లెక్క. పెద్దలకు ముందు అన్నం, ముందు నీళ్ళు, ముందు మాట. ఇద్దరికీ ఒకే లెక్క వస్తే దీక్షనాటి నీడ చూస్తారు. దీక్ష ముగిసిన క్షణాన మనిషిని ఎండలో నిలబెట్టి, నేల మీద పడ్డ నీడను అడుగులతో కొలుస్తారు. ఆ కొలత చచ్చేదాకా గుర్తుండాలి. ఏ ఆరామానికి వెళ్ళినా గుమ్మంలో అడిగేవి మూడే. ఎన్ని వర్షాలు? ఏ రుతువు? నీడ ఎన్ని అడుగులు?

మూలసిరికి ఏడు వర్షాలు. వరసలో తొమ్మిదో చాప.

ఆ పొద్దున ఏరు దాటి ఒకామె వచ్చింది. భుజాన భిక్షాపాత్ర, మోకాళ్ళదాకా బురద. గుమ్మం బయటే ఆగింది.

మూలసిరి చేతిలో తుంగచాప ఉంది. దాన్ని చుట్టింది. మళ్ళీ విప్పింది.

ఆ నిలబడే తీరు ఆమెకు తెలుసు. ఆ చెవులు మరీ తెలుసు. చేటచెవులని ఊరంతా ఏడిపించేవాళ్ళు. ముప్పై రెండేళ్ళ కిందట తన కడుపున పడి, ఏటికి అవతల భిక్షువుల ఆరామంలో తన చేతుల మీదుగానే దీక్షకు వెళ్ళిన నాగబుద్ధి. కొడుకని ఇచ్చింది. కొడుకనే ఇన్నాళ్ళూ చెప్పుకుంది.

తోడు వచ్చిన పడవమనిషి, అవతలి పెద్ద భిక్షువు పంపిన మాట చెప్పాడు. "ఈమె మీ దగ్గర ఉండాల్సిన మనిషి, మా దగ్గర కాదు అన్నారమ్మా. రేపట్నుంచి వానల నెలలు, ఎవరూ దారి నడవకూడదు కదా, అందుకని ఇవాళే దింపి రమ్మన్నారు." చెప్పేసి పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

వసుమిత ముందుకొచ్చింది. వరసలో మూడో చాప ఆమెది. పదకొండు వర్షాలు. నోరు గట్టిది.

"ఎన్ని వర్షాలు?"

"పన్నెండు. హేమంతం. నీడ..."

"నీడ సంగతి తర్వాత. నువ్వు మన మూలసిరి కొడుకువి కదూ?"

"మూలసిరి బిడ్డనే అక్కా. కొడుకుని ఎప్పుడూ కాదు. చిన్నప్పట్నుంచీ నాకు తెలుసు. చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది."

"బాగుంది. మొన్న మాఘంలో మీ ఆరామానికి వచ్చి నీకు వంగి దండం పెట్టాను. గుర్తుందా? నూరేళ్ళ భిక్షుణి అయినా నిన్నగాక మొన్న గుండు చేయించుకున్న భిక్షువుకి వంగాల్సిందేనట. ఆ దండాలన్నీ పుచ్చుకుని, ఇవాళ వచ్చి నా పక్కన, అదీ నాకంటే పైన, చాప వెయ్యమంటావా? ఈ గోడలు మేం మోసిన ఇటుకలు. మొగుళ్ళు తన్నగా వచ్చినవాళ్ళం, అత్తలు గెంటగా వచ్చినవాళ్ళం. నువ్వు ఏం మోశావు?"

నాగబుద్ధి బురదకాళ్ళ వైపు చూసుకుంది. "ఇటుకలు మోయలేదు. మీరు వంగినప్పుడల్లా నాకు మెడ పట్టేసేదక్కా. వంగాల్సింది మీ వరసలో నిలబడి నేను కదా అని."

వెనక ఎవరో నవ్వి నోరు మూసుకున్నారు. వసుమిత నవ్వలేదు.

"నీకు దీక్ష ఇచ్చిన ముసలాయన పోయాడు. సాక్షి ఎవరు?"

నాగబుద్ధి భుజాన భిక్షాపాత్ర సర్దుకుంది. మూలసిరి వైపు మాత్రం చూడలేదు.

వసుమితే తిరిగింది. "నువ్వున్నావు కదా మూలసిరీ ఆ రోజు. నీడ ఎంతొచ్చింది?"

"గుర్తులేదు" అంది మూలసిరి.

ఏడేళ్ళలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. అబద్ధమని వసుమితకూ తెలిసినట్టుంది, పక్కకు తప్పుకుంది. గుమ్మం పక్కన కాళ్ళు కడుక్కునే రాయి ఉంది. వచ్చినవాళ్ళు పెద్దలైతే చిన్నవాళ్ళు నీళ్ళు పోసి కడగాలి. చిన్నవాళ్ళైతే ఎవరి కాళ్ళు వాళ్ళే కడుక్కోవాలి. ఆ పొద్దున ఎవరూ కుండ ముట్టుకోలేదు. బురద కాళ్ళ మీదే ఎండిపోతోంది.

మూలసిరి గురువు దగ్గరికి వెళ్ళింది.

పదుమ థేరి వసారాలో కూర్చుని చీవరానికి అతుకు వేసుకుంటోంది. అరవై దాటింది, చూపు ఆనదు. సూదిని వెలుతురుకెదురు పట్టుకుని దారం ఎక్కిస్తోంది.

"అమ్మా, చాప ఎక్కడ వెయ్యాలి?"

"ఎన్ని వర్షాలట?"

"పన్నెండంటున్నాడు. అవి అక్కడివి. మగవాళ్ళ మధ్య గడిపినవి ఇక్కడ ఎలా చెల్లుతాయి? ఇక్కడికి ఇవాళే పుట్టినట్టు. మళ్ళీ దీక్ష ఇవ్వండి. గుమ్మం పక్కన ఆఖరి చాప వేస్తాను." కాస్త ఆగి అంది: "పొమ్మనడం లేదు కదా."

"పిల్లలకు నువ్వే కదా సంఘం నియమాల వినయపాఠం చెప్పేది? భిక్షువు స్త్రీ అయితే ఏం చెయ్యమని ఉంది?"

"అదే గురువు, అదే దీక్ష, అవే వర్షాలు. ఆమెను భిక్షుణులతో కలవనివ్వాలి." వందసార్లు చెప్పిన పాఠం. గడగడా వచ్చేసింది.

"ఎప్పటి పాఠం అది?"

"మన గురువుల గురువుల కంటే ముందుది."

"అయితే అప్పుడూ ఎవరో ఒకామె గుమ్మంలో నిలబడి ఉంటుంది" అంది థేరి, దారం కొస నోట్లో తడుపుకుంటూ.

మూలసిరి కూలబడింది. "పాఠం వేరు అమ్మా. అవతలి స్తూపం దగ్గర నేను రాయి చెక్కించాను. ఇల్లు విడిచి రాకముందు. భిక్షువు నాగబుద్ధి తల్లి ఇచ్చిన దానం అని. యాత్రకొచ్చినవాళ్ళంతా చదువుతారు. ఇప్పుడు ఆ రాయిని ఏం చేసుకోను?"

"నీ పేరుందా దాని మీద?"

మూలసిరి తలచుకుంది. ఉలి పట్టిన వాడు, రాతి పొడి, అక్షరాలు ఒక్కొక్కటే.

"లేదు. తల్లి అనే ఉంది."

"ఊఁ."

దారం సూదిలోకి ఎక్కింది. థేరి సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. మోకాలు పట్టుకుని లేచింది.

"మళ్ళీ దీక్ష అంటే మళ్ళీ నీడ కొలవాలి కదా. ముందు అదే చూద్దాం, పద. నువ్వే కొలువు."

వాకిట్లో మబ్బు కమ్మి ఉంది. నాగబుద్ధిని రమ్మని సైగ చేసి, సముద్రం వైపు ముఖం పెట్టి నిలబెట్టింది థేరి. భిక్షుణులందరూ వసారా అంచున చేరారు. నీడ లేదు. అందరూ మబ్బు వైపు చూస్తూ నిలబడ్డారు. నాగబుద్ధి ముక్కు మీద ఈగ వాలింది. తోలుకోలేదు. పన్నెండేళ్ళ కిందట దీక్షనాడూ కదలకూడదని చెబితే అలాగే కదలకుండా నిలబడటం మూలసిరి హద్దు బయట నుంచి చూసింది. దీక్ష జరిగే హద్దు లోపలికి ఇంటివాళ్ళు రాకూడదు. అందుకని బయటే నిలబడి, ముసలి భిక్షువు అడుగులో అడుగు వేస్తుంటే వేళ్ళ మీద ఎంచుకుంది. ఆ రోజు ఆమె పట్టుచీర కట్టుకుంది. నీడకు కూడా చేటచెవులేనా అని ముసలాయన నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఏడ్చింది.

మబ్బు తొలిగింది.

నీడ నేల మీద పడింది. పాదాల దగ్గర మొదలై, పొడుగ్గా, చివరన గుండ్రటి తల, అటొకటి ఇటొకటి చెవులు.

"కానీ" అంది థేరి.

మూలసిరి మడమ ఆనించింది. ఒకటి. మడమకు వేలు, వేలుకు మడమ. రెండు. చీవరం అంచు నీడ. మూడు. నడుము. నాలుగు. అయిదో అడుగు భుజాల మీద పడింది. ఆరో అడుగుకి కాలు లేచింది.

లేచిన కాలు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా వెనక్కి వచ్చింది.

"అయిదు" అంది.

"ఇంకా ఉంది కదా" అంది థేరి.

"ఉంది."

"వెయ్యి మరి అడుగు."

"వెయ్యలేనమ్మా."

"మట్టే కదా. ఎందుకు వెయ్యలేవు?"

కింద అలల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. నాగబుద్ధి సముద్రం వైపే చూస్తోంది. మెడ మీద నరం కొట్టుకోవడం మూలసిరికి కనిపించింది.

"తల అది" అంది మూలసిరి.

"ఎవరి తల?"

"నా బిడ్డ తల."

థేరి ఇంకేమైనా అంటుందని అందరూ చూశారు. ఆమె ఎండ కళ్ళలో పడుతోందని చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మూలసిరే అంది, నేల వైపు చూస్తూ. "ఆ రోజు ఆరున్నర వచ్చింది. హేమంతం. పొద్దు ఇంకా పైకి రాలేదు. నాకు గుర్తుంది. ఇందాక గుర్తులేదని చెప్పింది అబద్ధం."

"రాత్రి పౌర్ణమి సభలో అందరూ తప్పులు చెప్పుకునేటప్పుడు ఒప్పుకుందువు గాని" అంది థేరి. "నా సూది ఎక్కడ పెట్టానో ఏమో. మళ్ళీ దొరకదు." వసారాలోకి వెళ్ళిపోయింది. దీక్ష మాట ఎత్తలేదు.

మూలసిరి గుమ్మం పక్కన వదిలేసిన తుంగచాప తీసుకుంది. తన తొమ్మిదో చోటు దాటింది. ఎనిమిది, ఏడు, ఆరు దాటుకుంటూ పైకి వెళ్ళింది. వసుమిత చాప దగ్గర ఆగింది. వంగి జరపబోతే వసుమిత చెయ్యి పట్టుకుంది.

"ఉండు. నా చాప జరుపుకోవడానికి నాకు చేతులున్నాయి." జానెడు కాదు, మనిషి పట్టేంత జరుపుకుంది. జరుపుకుంటూ గొణిగింది: "ఇటుకల పని ఇంకా ఉంది. ఉత్తరం గోడ సగమే లేచింది. రేపే మొదలు, చెబుతున్నా."

"మోస్తానక్కా" అంది వాకిట్లోంచి నాగబుద్ధి.

చాప పరిచి, నాలుగు మూలలూ చేత్తో ఒత్తి, మూలసిరి లేచింది. కుండ తీసుకుంది. కాళ్ళు కడుక్కునే రాయి దగ్గరికి వచ్చి, కింద కూర్చుంది. ముందు నుదురు నేలకు ఆనించింది. వరసలో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు అలాగే దండం పెట్టాలి.

నాగబుద్ధి రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మా! నువ్వు నాకు..."

"నాకు ఏడు వర్షాలే" అంది మూలసిరి. "కాళ్ళు చాపు."

బురద గట్టిపడిపోయి ఉంది. నానేదాకా నీళ్ళు పోస్తూ కూర్చుంది.