రెండు గోనెపట్టలు

హుస్సేనప్పకు వచ్చిన చిక్కంతా రెండు రంపం మిషన్లతోనే. ఒకటి పాతది, నడిచేది. ఇంకోటి కొత్తది, నడవనిది. ఇందులో చిక్కేముంది, నడిచేదాన్ని ఉంచుకుని నడవనిదాన్ని తూకానికి వేస్తే పోలా అంటారేమో. అంత సులువుగా తెగేదైతే మనిషి రెండు నెలలు అన్నం సయించకుండా ఎందుకు కూర్చుంటాడు?

ముందు ఆ మనిషి సంగతి చెప్పాలి. ఎర్రవంకపల్లికి ఎగువన రాళ్లగుట్ట మీద ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునేది దాదాపీర్ అనే ముసలాయన. ఊళ్లో సాయిబులకూ మిగతావాళ్లకూ అందరికీ ఆయన తాతే. హుస్సేనప్ప ఆయన శిష్యుడు. పేరు చూసి సాయిబనుకునేరు, కాదు. పుట్టిన బిడ్డలు నిలవక వాళ్లమ్మ ఆ గుట్టెక్కి మొక్కుకుంటే దక్కినవాడు. సీమలో అలాంటి హుస్సేనప్పలూ మస్తానమ్మలూ ఊరికి నలుగురైనా ఉంటారు.

వాళ్ల నాయన తిప్పన్న బతుకంతా సర్కారు తుమ్మ కొట్టి బొగ్గులు కాల్చాడు. ఆయన పోయాక హుస్సేనప్పకు ఇంట్లో కాలు నిలవలేదు. నాయన మిషను భుజాన వేసుకుని గుట్టెక్కాడు.

"మనసు ఒక తావున నిలవడంలేదు తాతా. నిలిపేది నేర్పు."

తాత మనసు ఊసే ఎత్తలేదు. మిషను వైపు చూశాడు.

"అది కట్టెలు కోస్తాదా?"

"బాగా కోస్తాది."

"అయితే బేస్తవారానికి కట్టెలు కావల్ల."

ప్రతి బేస్తవారం దర్గాకు వచ్చినవాళ్లందరికీ అన్నం వండి పెడతారు. ఆ పొయ్యిలోకి కట్టెలు కోయడమే హుస్సేనప్పకు చదువైంది.

తిప్పన్న మిషను గట్టిదే గాని ముసలిది. స్టార్టరు తాడు లాగీ లాగీ రెక్క పడిపోవాల్సిందే. పిడి విరిగితే ఇనుప తీగ చుట్టి ఉంది. ఆయిలు కారుతుంది. కింద పెట్టాక కూడా చేతులు చాలాసేపు వణుకుతూనే ఉంటాయి. అయినా ఒక్కసారి అందుకుందంటే మాత్రం ఎంత తుమ్మ మొద్దయినా దానికి లెక్కలేదు.

ఇట్లుండగా గుత్తిలో కట్టెల డిపో నడిపే సెట్టి ఒకాయన మొక్కు తీరిందని ఇంకో మిషను తెచ్చి దర్గాకిచ్చాడు. అదే కంపెనీది, కొత్త రకం. తేలిగ్గా ఉంటుంది. పిడి చూస్తేనే పట్టుకోబుద్ధవుతుంది. ఒకటే లోపం. డిపోలో ఎవరో మహానుభావుడు పెట్రోల్లో ఆయిలు కలపకుండా నడిపితే లోపల పిస్టను పట్టేసింది. దేవుడికిచ్చేటప్పుడు నడిచే మిషనెవరిస్తారు లెండి!

హుస్సేనప్ప దాన్ని మెకానిక్కు దగ్గరికి మోసుకుపోయాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని గుండె పోయిండాదప్పా. ఈ రకాన్ని కంపెనీ వాళ్లే ఆపేసినారు, పిస్టను సిలిండరు యాడా దొరకవు. నీ పాతదాన్లో ఉండేది ఇదే సైజు. అది తీసి దీంట్లో బిగిస్తే ఇంగ చూస్కోబన్లేదు."

"మరి పాతది?"

"పాతదేముంది, డొక్కు."

డొక్కు! ఆ మాట హుస్సేనప్పకు ముల్లులా దిగింది. నాయన వెనకేసిన పొలం లేదు, ఇల్లు లేదు. ఆయనదని చెప్పుకోవడానికి మిగిలింది ఆ మిషనొక్కటే. దాన్నే ఉంచుకుంటే దర్గాకొచ్చిన మిషను తుప్పుపట్టి పోతుంది. కొత్తదాన్ని బతికించాలంటే నాయన మిషను కడుపు కొయ్యాలి. ఎటు తిరిగినా పాపమే.

మెకానిక్కు చెప్పింది నిజమో కాదో, సైజు చూద్దామని పాతదాన్ని విప్పాడు. విప్పాక ఇంకాస్త విప్పితే తప్పేముందనిపించింది. ఆ పక్కనే కొత్తదాన్నీ విప్పి పోల్చి చూశాడు. అలా విప్పుకుంటూ పోయి, చివరికి దర్గా వసారాలో రెండు గోనెపట్టలు పరిచాడు. ఎడమ పట్ట మీద నాయన మిషను ముక్కలు, కుడి పట్ట మీద సెట్టి మిషను ముక్కలు. ఒకదాని మర ఇంకోదాని వైపు దొర్లకుండా మధ్యలో ఒక కర్ర కూడా పెట్టాడు. బిగించడం మాత్రం కుదరలేదు. బిగించాలంటే ఏది ఉంచుకోవాలో తేలాలి కదా!

"ఏది ఉంచుకోమంటావు తాతా?" అని రోజూ అడిగేవాడు.

తాత గోనెపట్టల ముందు గొంతుక్కూర్చునేవాడు. ఆయనకు మిషన్లంటే వల్లమాలిన కుతూహలం.

"ఇదేంది నాయనా?"

"కార్బొరేటరు."

"ఏం జేస్తాది?"

"పెట్రోలునూ గాలినీ కలుపుతాది."

"గాలి యాడినుంచి తీస్కుంటాది?"

"బైట గాలే తాతా."

"మనం పీల్చేదేనా?"

"అదే."

"ఓహో!" అని ఆశ్చర్యపోయి, ఆ ముక్కను చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు తాత. తర్వాత దాన్ని తీసిన చోటే జాగ్రత్తగా పెట్టేసి నమాజుకు లేచేవాడు.

మొదట్లో హుస్సేనప్పకు గర్వంగానే ఉండేది. ఇంత పెద్దాయనకు తెలియనిది తనకు తెలుసు మరి. పోనుపోను ఒళ్లు మండింది. అడిగినదానికి జవాబు చెప్పడు, అడగనివన్నీ అడుగుతాడు! ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు.

"రెండు చీటీలు రాసి సమాధి కాడ పెడ్తా తాతా. స్వామి ఏది తియ్యమంటే అది తీస్తా."

"ఆయన నిద్రపోతాండాడు" అన్నాడు తాత. "రంపం కోసరం లేపాకు."

బేస్తవారాలు ఎవరి కోసం ఆగవు. హుస్సేనప్ప గొడ్డలితో కట్టెలు కొట్టేవాడు. కొడుతున్నంతసేపూ మనసు ఒకసారి ఎడమ పట్ట మీద, ఒకసారి కుడి పట్ట మీద తిరిగేది. ఒకసారి గొడ్డలి జారి కాలి పక్కనే దిగింది. అయినా బుద్ధి రాలేదు.

అట్లాంటప్పుడు వాన పట్టింది. రాత్రంతా కురిసి తెల్లారేసరికి కాస్త తెరిపిచ్చింది. పొద్దెక్కుతుండగా సుంకమ్మ గుట్ట మీదికి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఊరి చెరువు కింద ఆమెకు రెండెకరాలుంది. చెరువు నిండక మూడేళ్లుగా ఆ నేల బీడు. మొగుడు లేని మనిషి, ఉపాధి పనికి పోయి పిల్లల్ని సాకుతోంది. మోకాళ్ల దాకా బురద, ఒంటినిండా తడి.

"హుస్సేనప్పా! మిషను ఎత్తుకొని బిన్న రా! వంకొచ్చిండాది!"

"వంకొస్తే మంచిదే కదక్కా."

"యాడ మంచిది! చింతమాను ఒకటి కొట్టుకొనొచ్చి కాలవ మొగదల్లో అడ్డం పడిండాది. చెరువులోకి ఒక్క బిందె నీళ్లు దిగల్యా. అన్నీ వంకెంబడి కిందికి పోతాండాయి!"

ఎర్రవంక సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. అది ఏరు కాదు, ఎప్పుడూ పారదు. ఏడాదికో రెండేళ్లకో ఒక పూట పారుతుంది. ఆ పూట నీళ్లు కాలవలోకి మళ్లి చెరువు చేరితే ఊరికి పంట. మళ్లకపోతే మళ్లీ ఎప్పుడో, ఎవరికి తెలుసు.

"గొడ్డళ్లతో కొట్టల్యా?"

"మొగోళ్లంతా తెల్లారినప్పటి నుంచి కొడతాండారు. తడిసిన చింత, ఇనుమే అనుకో. బెత్తెడు గూడా దిగల్యా. జేసీబీ వంక అవతల నిలబడిపోయిండాది. మాపటికి వంక తగ్గిపోతాదప్పా! ఆ పైన మాను తీసి ఏం జేసుకునేది?"

అప్పుడు చూసింది ఆమె, వసారాలో పరిచిన రెండు పట్టలూ.

హుస్సేనప్ప వాటి ముందు కూలబడ్డాడు. చెయ్యి ఎడమ వైపు పోయింది. పాతదాన్నే బిగిద్దామా? విప్పేటప్పుడు స్టార్టరు స్ప్రింగు తెగింది, గొలుసు తిరిగే బద్ద అరిగిపోయింది, అంత లావు మానుకు ఆగుతుందా? చెయ్యి కుడి వైపు పోయింది. కొత్తదాన్ని బిగిస్తే నాయన పిస్టను దీంట్లో వెయ్యాలి. వేస్తే ఇంక నాయన మిషను లేనట్టే. ఆ పని చెయ్యాల్సిన పొద్దు ఇదేనా? రెండు నెలలు తేలనిది ఒక్క క్షణంలో ఎట్లా తేలుతుంది?

"తాతా! ఈ ఒక్కసారికి చెప్పు. ఏది?"

తాత లేచి వచ్చాడు. ఈసారి ఏమీ అడగలేదు. మధ్యలో కర్ర తీసి అవతల పారేశాడు. కుడి గోనెపట్టను కొసలు పట్టి ఎత్తి, ఉన్నదంతా ఎడమ పట్ట మీద బోర్లించాడు. మరలూ, రేకులూ, రబ్బర్లూ గలగలమని రాలాయి. అంతటితో ఆగాడా, రెండు చేతులూ పెట్టి బొరుగులు కలిపినట్టు కలిపేశాడు.

"ఓయమ్మో!" అంది సుంకమ్మ.

"తాతా! ఎంత పని చేస్తివి!" హుస్సేనప్ప అరిచాడు. "ఏది దేనిదో ఎట్ల తెలుస్తాది ఇంగ?"

"తెలీదు" అన్నాడు తాత. చేతులకంటిన ఆయిలు తుడుచుకుంటూ పోయి గోడకానుకుని కూర్చున్నాడు.

హుస్సేనప్పకు ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమొచ్చింది. గురువు కాకపోయుంటే ఏమనేవాడో మనకు తెలియదు. సుంకమ్మ కుప్ప ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "ఏం అందియ్యల్ల చెప్పు" అంది.

"గుండ్రంది... అగో, ఆ గొట్టం మాదిరి ఉండేది" అన్నాడు హుస్సేనప్ప.

అదే మొదలు. ఆమె అందించింది, అతను బిగించాడు. బాగున్న పిస్టను చేతికి తగిలింది, వేశాడు. గాలి బయటికి పోని ఇంజను డబ్బా తగిలింది, బిగించాడు. కార్బొరేటర్లో ఒకదాని రబ్బరు ఎలకలు కొరికినట్టుంటే పక్కన పెట్టి రెండోది తీసుకున్నాడు. మర సరిపోకపోతే ఇంకో మర. ఇది ఎవరిదని చూడలేదు. సరిపోతుందా లేదా అని మాత్రం చూశాడు. ఒకచోట, అరె, ఇది ఇక్కడ కూర్చుంటుందా అని అతనికే వింతగా అనిపించింది. ఇన్నాళ్లూ రెండింటినీ పక్కపక్కనే పెట్టుకుని చూసినవాడు, ఒకదాని క్లచ్చి రెండోదానికి పడుతుందని ఏనాడూ పెట్టి చూడలేదు!

పెట్రోల్లో ఆయిలు కలిపి పోశాడు. తాడు లాగాడు. దగ్గింది. మళ్లీ లాగాడు. పొగ కక్కింది. మూడోసారి గుట్టంతా దద్దరిల్లేలా అందుకుంది.

తర్వాతి సంగతి ఎర్రవంకపల్లిలో ఎవరినడిగినా చెబుతారు. నడుముకు తాడు కట్టి నలుగురు పట్టుకుంటే, హుస్సేనప్ప కాలవ గట్టు మీంచి వంగి మానును కోశాడు. రంపం ఒకసారి ఇరుక్కుంది. కోసిన సందులో కొయ్య మేకులు కొట్టి తెరిచారు. ఎర్రటి పొట్టు మొహం మీద చిమ్ముతున్నా కళ్లు మూయలేదు. పొద్దు వాలేవేళకు మాను రెండు తుండ్లయింది. అందరూ మోకులేసి, హైలెస్సా అని ఒక తుండును పక్కకు లాగేసరికి కాలవ నోరు తెరుచుకుంది. ముందు నురుగు, ముళ్లకంప, తర్వాత ఎర్రటి నీళ్లు చెరువు వైపు తిరిగాయి.

సుంకమ్మ ఎండిన కాలవలో దిగి నిలబడి ఉంది. నీళ్లొచ్చి కాళ్లకు తగిలాయి.

"ఇన్నాళ్లకు గుర్తొస్తిమా నీకు?" అని ఆ నీళ్లను నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చింది. పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టి లాగితే గాని గట్టెక్కలేదు.

వంక తగ్గేలోపు చెరువు సగానికి పైగా నిండుతుందని పెద్దవాళ్లు లెక్క కట్టారు. హుస్సేనప్పను భుజాల మీద ఎత్తుకోబోయారు. వద్దని, మిషను పట్టుకుని ఒక్కడే గుట్టెక్కాడు.

వసారాలో మిగిలిన ముక్కలు అట్లాగే కుప్పగా పడి ఉన్నాయి. హుస్సేనప్ప వాటి పక్కన కూర్చుని మిషను ఒళ్లో పెట్టుకున్నాడు. పని చేస్తున్నంతసేపూ లేని దిగులు ఇప్పుడొచ్చి మీద పడింది. పై డబ్బా సెట్టిదేమో. పిడి మాత్రం నాయనదే, తీగ ఉంది. లోపల పిస్టనూ నాయనదే అయ్యుండాలి, మిగతావి ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. కుప్పలోంచి ఒక మర తీసి చూశాడు. అది ఎడమ పట్టదో కుడి పట్టదో ఎంత చూసినా తెలియలేదు. ఎదురుగా చూస్తే నాయన మిషను అనేది ఎక్కడా లేదు.

తాత టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు.

"నాయన మిషను పోయింది తాతా" అన్నాడు హుస్సేనప్ప. కళ్లు తుడుచుకున్నాడు, మొహానికి ఇంకాస్త ఆయిలంటుకుంది.

తాత గొంతుక్కూర్చున్నాడు. ఒళ్లో ఉన్న మిషను మీదికి వంగి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తేరిపార చూశాడు.

"పోయిందా? యాడికి పోయింది నాయనా?"

ఓదార్పు కాదు, ఎగతాళీ కాదు. నిజంగా తెలియకే అడిగాడు, జవాబు కోసం చూస్తున్నాడు.

హుస్సేనప్ప చెయ్యి పిడి మీది తీగ దగ్గరికి పోయింది. ఒళ్లో మిషను ఇంకా వెచ్చగానే ఉంది. కింద చెరువులోకి నీళ్లు దిగుతున్న చప్పుడు గుట్ట మీదికి వినిపిస్తోంది.